చీర అంచులో చిలక

యుద్ధం మొదలైన వారం మా అన్న సరిహద్దులో ఉన్నాడు. నగరిలో మా ఇంట్లో టీవీ గొంతు చించుకుంటుంటే ఒళ్లు మండి ప్లగ్గు పీకేశాను. సాయంత్రం అన్న ఫోన్ చేశాడు. ఎక్కడున్నావని మేం అడగకూడదు, అన్న చెప్పకూడదు. ఇంకేం మాట్లాడాలి?

అమ్మ మరమగ్గం ఆపి ఫోన్ లాక్కుని స్పీకర్‌లో పెట్టింది. "కథ సెప్తా, ఊ కొట్టు నాయనా. ఒగ చీర అంచులోంచి చిలక ఎగిరిపోయిందంట."

ముప్పై ఏళ్ల మనిషి బుద్ధిగా "ఊ" అన్నాడు. ఆ కాసేపూ మా ముగ్గురికీ యుద్ధం లేదు. చిలక అడవిలో దారి తప్పినచోట లైను తెగిపోయింది.

రెండు రోజులు ఫోన్ లేదు. "కథ సగంలో ఉండాది, వాడే చేస్తాడులే" అనేది అమ్మ.

మూడోనాడు ఫోన్ మోగింది. అమ్మ హలో అనేలోపే అవతల నుంచి వినిపించింది.

"ఊ."