గట్టిమేళం వేళ డోలు వెనక కూర్చున్నది ఎవరు?

దయ్యం అనే మాట వింటే నాకు మొదటినుంచీ నవ్వే. ఇరవై ఏళ్ల వయసులో పందెం కాసి మైలవరం శ్మశానంలో మూడు రాత్రులు ఒంటరిగా పడుకున్నవాణ్ణి. కాబట్టి ఇది పిరికివాడి మాటని కొట్టిపారేయకండి.

నేను డోలు వాయించేవాణ్ణి. సన్నాయి విద్వాంసులు దస్తగిరి గారి పక్కన పాతికేళ్లు కూర్చున్నాను. మూడేళ్ల కిందట ఉయ్యూరులో ఒక పెళ్లిలో నా చెయ్యి కాస్త వెనకబడింది. ఆయన సన్నాయి దించి, మైకు ముందే అన్నారు:

"ఏం సుబ్బయ్యా, డోలు వాయిస్తున్నావా, పిండి దంచుతున్నావా?"

పందిరంతా నవ్వింది. మర్నాటికి నా చోట్లో గుంటూరు నుంచి తెచ్చుకున్న మనిషి కూర్చున్నాడు. ఆ నవ్వు మాత్రం నా చెవిలోనే ఉండిపోయింది.

కిందటేడు ఆయనకు జబ్బుచేసి రెండు నెలలు ఆస్పత్రిలో ఉన్నారు. తిరిగొచ్చేసరికి సగం మనిషయ్యారు. ఆ రోజుల్లోనే గవర్నర్‌పేటలో టీ తాగుతుంటే పక్కాయన ఫోన్లో ఒక వీడియో చూపించాడు. విదేశాల్లో ఎవరో పేరున్న గాయకుడు ఎప్పుడో చనిపోతే, అచ్చం అలాంటి మనిషినే నిలబెట్టి కచేరీలు చేయిస్తున్నారట. నాకు దారి దొరికింది.

"మన దస్తగిరి గారిదీ అదే కథండీ. అసలాయన ఆస్పత్రిలోనే పోయారు. ఇప్పుడు ఊదుతున్నది పినతండ్రి కొడుకు" అన్నాను. శవాన్ని కళ్లారా చూశానని కూడా అన్నాను. పాతికేళ్లు పక్కన కూర్చున్నవాడు చెబితే కాదనేదెవరు?

వారం తిరక్కుండా అది వాట్సాప్ ఎక్కింది. పెళ్లిపందిళ్లలో జనం "డూప్లికేట్ గారూ, ఒక ఒరిజినల్ కీర్తన ఊదండి!" అని ఆయన్ని ఆటపట్టించారు. పెళ్లివారు ఒక్కొక్కరే వేరే మేళాలు మాట్లాడుకున్నారు. ఆ కబుర్లు వింటుంటే నాకు సున్నుండలు తిన్నట్టుండేది.

ఈ మధ్య మా ఆవిడ తరఫు బంధువుల పెళ్లి, గన్నవరంలో. పగటి ముహూర్తం. మేళం దస్తగిరి గారిదే. పెళ్లికూతురి తండ్రి నన్ను పక్కకు పిలిచాడు. "బాబాయ్ గారూ, అసలు మనిషో కాదో మీరు చూసి చెప్పండి. కాదంటే గట్టిమేళం అవగానే దింపేస్తాను. ఇక ఈ చుట్టుపక్కల ఎవరూ పిలవరు."

ఆ ఒక్క మాట కోసమే కదా కాచుకున్నాను! రెండో వరసలో కూర్చున్నాను. "ఈయన కాదు" అనే మాట నాలుక మీదే ఉంది.

తాళి కట్టే వేళ తుమ్ము గానీ చెడుమాట గానీ వినపడకుండా మేళమంతా హోరెత్తించడమే గట్టిమేళం. పురోహితుడు చెయ్యెత్తాడు. సన్నాయి లేచింది. డోలు లేవలేదు. గుంటూరు మనిషి ఫోను మాట్లాడ్డానికి బయటికెళ్లాడు. సన్నాయి ఒక్కటే బోసిగా మోగుతోంది. నా కడుపు చల్లబడింది.

అంతలో డోలు మోగింది.

ఆ దెబ్బ నాది. తలెత్తి చూశాను. డోలు వెనక నేనే కూర్చుని ఉన్నాను. నా బట్టతల, నా తెల్లచొక్కా, వంకర తిరిగిన నా చిటికెనవేలు. దస్తగిరి గారు ఆ మనిషి వైపు తిరిగి, పాతికేళ్లు నన్ను చూసినట్టే కనుబొమలెగరేశారు. నేను కుర్చీలోనే ఉన్నాను. గుప్పిట్లో అక్షింతలు ఉన్నాయి.

మేళం ఆగేసరికి డోలు వెనక ఎవరూ లేరు. పెళ్లికూతురి తండ్రి నా దగ్గరకొచ్చి "చాలు బాబాయ్ గారూ, ఇక మీరు చెప్పక్కర్లేదు. మీరే పక్కన కూర్చుని వాయించాక ఇంకా అనుమానమేంటి?" అని దణ్ణం పెట్టాడు. పుకారు ఆ పూటతో చచ్చింది. నా పగను నా మొహం తగిలించుకుని వచ్చి మరీ చంపేశారెవరో.

నిజం చెప్పేస్తాను. శ్మశానంలో పడుకున్నది ఒక్క మధ్యాహ్నం, ఇద్దరు స్నేహితులతో, అదీ గోడకి ఇవతల. శవాన్ని చూశానన్నది పచ్చి అబద్ధం. అసలు ఆయన్ని పలకరించడానికైనా ఆస్పత్రి గుమ్మం తొక్కలేదు. కానీ గన్నవరంలో చూసింది అబద్ధం కాదు. మూడేళ్లు డోలు ముట్టని చేతితో అలా వాయిస్తే వేళ్లు వాచిపోవాలి. ఇంటికొచ్చి చూసుకుంటే మామూలుగా ఉన్నాయి. ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆవిడ ఆరోజు పెళ్లిలో ముందు వరసలోనే ఉంది.

"దయ్యమూ లేదు, డూపూ లేడు" అంది. "కుర్చీలు తన్నుకుంటూ డోలు దగ్గరికి పరిగెత్తింది మీరే. ఆయన మిమ్మల్ని పిలవను కూడా పిలవలేదు."