బురదలో బయటపడ్డ రహస్యం

నా పేరు వెర్లిన్ క్రాబ్‌ట్రీ. కెంటకీ పడమటి కొసన మా సరస్సు చుట్టుపక్కల చేపలు పట్టడంలో నన్ను మించినవాడు లేడంటారు. అనేది నేనే. అనగా అనగా విసుగెత్తి జనం ఒప్పుకున్నారు.

నిజానికి చేపలు పట్టింది నేను కాదు, నా పడవలోని యంత్రం. నీళ్ల అడుగున చేపలెక్కడున్నాయో దాని తెర మీద కనిపించేవి. అక్కడ గాలం వేయడానికి వేటగాడే కావాలా? మా కుక్క చాలు. ఈ సంగతి పడవ అమ్మేశాక గానీ నాకు తెలియలేదు.

పడవ అమ్మింది నా భార్య నెడ్రా జబ్బు ఖర్చుల కోసం. కాన్సర్ మందులు క్రిస్మస్‌కి ముగిశాయి. జబ్బు తగ్గింది గానీ నోటికి రుచి పోయింది. ఏం పెట్టినా తుప్పు నాకినట్టుందని పళ్లెం తోసేసేది. మనిషి పుల్లలా అయిపోయింది. ఈ నెల కూడా ఇలాగే తినకపోతే ముక్కులోంచి గొట్టం వేయక తప్పదన్నాడు డాక్టరు. ఆస్పత్రి నుంచి వస్తూ దారి పొడుగునా ఆవిడ కిటికీ వైపే చూస్తూ కూర్చుంది.

ఇంటికొచ్చాక తనే అంది, "బ్లూగిల్ చేపలైతే దిగుతాయేమో. మా అమ్మ చేసినట్టు, మొక్కజొన్న పిండి పట్టించి వేయించినవి."

"అరచెయ్యంత చేపలు, అదేం పెద్ద పని! రేపు పొద్దున్నే బకెట్ నింపుకొస్తా" అనేశాను. నోరు నాదే కదా, అద్దె కట్టక్కర్లేదు.

ఫిబ్రవరి చలి. ఒడ్డున యంత్రమూ లేదు, తెరా లేదు. తెల్లవారకముందే వెళ్లి, గాలపు కర్రకు మంచు పేరుకునేదాకా కూర్చుని, ఖాళీ బకెట్‌తో తిరిగొచ్చాను. మర్నాడూ అంతే. మూడోరోజు చీకటుండగానే ఎరలకి వెళ్తే, సరస్సు దగ్గర ఎరలమ్మే డ్యూయీ అంగడి వాకిట్లో నిలబడి ఊరుకుంటాడా?

"ఏరా వెర్లిన్, మొన్న వానపాములు కొన్నావు, నిన్న కొన్నావు. చేపలకేనా, లేక వాటినే పెంచుకుంటున్నావా?"

"నోర్మూసుకుని డబ్బా ఇయ్యి. ఇవాళ నా రహస్యం చోటికి వెళ్తున్నా" అన్నాను.

రహస్యం ఏమిటంటే, అంతకుముందు ఏడాది పండక్కి పెట్టి ఎండిపోయిన మా క్రిస్మస్ చెట్టు. పోయిన జూన్‌లో దాన్ని ఒడ్డుకు దగ్గర్లోనే, రాళ్లు కట్టి నీళ్లలో ముంచాను. కొమ్మల్లో చేపలు చేరతాయని ఇక్కడ అందరూ చేసే పనే. చోటు మాత్రం ఎవడూ ఎవడికీ చెప్పడు. నేనూ పెళ్లానికి కూడా చెప్పలేదు.

ఎరలు తెచ్చి ఇంట్లో అడుగు పెట్టగానే నెడ్రా తానూ వస్తానంది. "ఇంట్లో గోడల్ని చూసీ చూసీ పిచ్చెక్కుతోంది. బండిలో కూర్చుంటాలే." దుప్పట్లు చుట్టి కూర్చోబెట్టాను. అన్ని పనులూ అయ్యేసరికి పొద్దెక్కింది. చేపలన్నీ వెళ్లిపోతాయని దారంతా సణిగాను.

తీరా మలుపు తిరిగామో లేదో, ఇంకేముంది! చలికాలం ఆనకట్టవాళ్లు నీళ్లు దింపేస్తారు. చిన్నప్పటినుంచీ ప్రతి ఏడూ చూస్తున్నదే. జూన్‌లో చెట్టు ముంచిన మహానుభావుడికి, రెండు రోజులుగా అవతలి ఒడ్డున దిగిన నీళ్లే చూస్తున్నా, ఆ ముక్క తట్టలేదు. బురద మధ్య నా చెట్టు నిటారుగా నిలబడి ఉంది. మేం తీయడం మరిచిన వెండి తళుకులు ఎండకి ధగధగలాడుతున్నాయి.

అంగడి వాకిట్లోంచి డ్యూయీ అరిచాడు, "ఒరేయ్, దీపాలు కూడా పెట్టమంటావా?"

పౌరుషం పొడుచుకొచ్చింది. చెట్టు దాటి నాలుగడుగులేస్తే నీళ్లే కదా అని బురదలో దిగాను. మూడో అడుగుకి మోకాలిదాకా కూరుకుపోయాను. కాలు లాగితే కాలొచ్చింది, బూటు రాలేదు. బూటు కోసం వంగి బోర్లా పడ్డాను. వెనక బండి హారన్ ఒకటే మోత. నెడ్రాకి ఏమైందోనని హడలిపోయి తిరిగి చూస్తే, స్టీరింగ్ మీద పడి నవ్వుతోంది. ఆ నవ్వు విని ఎన్నాళ్లయిందో! ఇంకోసారి పడదామా అనిపించింది.

నేను బురద కారుతూ ఎక్కగానే అంది, "ఇక్కడ నీడ. బండి ఆ రోడ్డు గట్టు దగ్గర పెట్టు. ఎండ అక్కడుంది."

"ఆ గట్టు రాళ్ల దగ్గర ఏ వెధవ గాలం వేస్తాడు?"

"నిన్నెవరు వేయమన్నారు? నాకు చలేస్తోంది, పోనీ!"

పోనిచ్చాను. మేజోళ్లు పిండి బానెట్ మీద ఆరేసి, అవి ఆరేదాకా ఏం తోచక రాళ్ల పక్కనే గాలం వదిలాను. బెండు కొద్దిగా ఒరిగింది.

"లాగు!" అంది నెడ్రా కిటికీలోంచి.

"గాలికిలే."

"గాలైతే ఆ గడ్డెందుకు కదలదు? లాగవయ్యా బాబూ!"

లాగాను. బ్లూగిల్! మళ్లీ వేశాను, మళ్లీ పడింది. ఎండకి రాళ్లు వెచ్చబడ్డాయి. చలికి ముడుచుకున్న చేపలన్నీ అక్కడే చేరాయి. నెడ్రాకి తోచింది చేపలకీ తోచింది, తోచనిది నాకొక్కడికే. తెల్లవారుజామున నేను వణుక్కుంటూ కూర్చున్నదంతా నీడ పడే ఒడ్డునే మరి.

బకెట్ నిండలేదు. మా ఇద్దరికీ ఒక పూటకి సరిపోయేటన్ని పడ్డాయి. ఇంటికెళ్లి నేనే పొలుసు తీసి, ముళ్లు లేకుండా కోసి, వాళ్లమ్మ పెనం మీదే వేయించాను. నాకు చేతకాదని తెలిసినా ఆవిడ అడ్డు చెప్పలేదు. మొదటి ముక్క నోట్లో పెట్టుకుంటుంటే పొయ్యి వైపు తిరిగిపోయాను. పళ్లెం తోసిన చప్పుడవుతుందేమోనని చెవులు అటే ఉన్నాయి. పెనంలో ముక్క మాడుతోంది. తిప్పాలన్న ధ్యాస కూడా లేదు.

"వెర్లిన్."

"ఊఁ?"

"ఉప్పు చాల్లేదు."

డబ్బా తీసుకెళ్లి ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ ఉప్పు చల్లుకుని, నా వాటా ముక్కలు కూడా తన పళ్లెంలోకి లాక్కుంది.