సూదికి జడిసిన మా పెద్దమ్మ

నిన్న స్కూల్లో పిల్లలకు పాఠం చెబుతుండగా కబురొచ్చింది.

మా పెద్దమ్మ సాయవ్వ పోయింది.

నమ్మలేకపోయాను. మొన్ననే చూసి వచ్చాను. అంత జ్వరంలోనూ "ఏం పంతులమ్మా, అన్నం తిన్నవా?" అని ఆటపట్టించింది.



పెద్దమ్మకు ఏళ్లనాటి నడుము నొప్పి. కందిచేలో వంగితే మడమ దాకా లాగేది.

హైదరాబాదు పెద్ద దవాఖానలో నడుములోకి సూదితో మందు ఎక్కిస్తారనీ, కోత లేకుండానే నొప్పి తగ్గుతుందనీ ఒక డాక్టరు చెప్పగా విని, ఆమెకు చెప్పాను.

"సూదా! లోపల్నే ఇరిగితే నువ్వు తీస్తవా బిడ్డా?"

సూదికి అంత జడిసిన మనిషి, ఎర్రగా కాల్చిన ఇనుప కడ్డీకి జడవలేదు. మా ఊరు ఖేడ్‌లో నడుము నొప్పికి వాతలు పెట్టించుకోవడం అందరూ చేసేదే. మామూలుగా ఇద్దరు గట్టిగా పట్టుకుంటారు. పెద్దమ్మ ఎవరినీ ముట్టనివ్వలేదు.

బోర్లా పడుకుని, వాత పెట్టేవాణ్ణి కసిరింది. "ఏందిరా, జొన్నరొట్టె కాలుస్తున్నవా? జల్ది కానియ్యి!"

అందరం నవ్వాం.

ఆ వాతలే చీము పట్టాయి. జ్వరం మళ్లీ దిగలేదు.

మా అమ్మకూ అదే నొప్పి. వచ్చే అమావాస్యకు వాతలు పెట్టడానికి అదే మనిషిని రమ్మని నాయిన ఎప్పుడో చెప్పి ఉంచాడు. నిన్నంతా ఏడుస్తూ కూడా నేను అమ్మ నడుమునే చూస్తున్నాను.

తన అక్కకు చివరి స్నానం చేయించింది అమ్మే. ఆ వీపు మీది పుండ్లన్నీ చూసింది.

ఈ పొద్దున నాయినతో అంది, "గా మనిషిని రావొద్దను."

"మరి నొప్పెట్ల పోతది?"

"పోరి చెప్పిన సూదికే పోతా." నావైపు తిరిగింది. "నువ్వు నా చెయ్యి ఇడిస్తే మాత్రం లేచొస్త."

సరేనన్నాను. కానీ నాకు చాలా భయంగా ఉంది. సూది గురించి విన్నదే తప్ప, ఎవరికైనా గుచ్చగా నేను చూడలేదు. మా ఇంట్లో చదువుకున్నది నేనొక్కదాన్నే. తప్పయితే చెప్పేవాళ్లు లేరు.

రేపు జహీరాబాద్ దాకా బండి, అక్కడి నుంచి రైలు.

ఈ కాగితం స్కూలు గోడకు అంటిస్తున్నాను. వాతలు పెట్టించుకోబోయేవాళ్లు మీ ఇంట్లో ఉంటే చదివి వినిపించండి. దవాఖానకు వస్తామంటే మాతో పంపండి.

పెద్దమ్మా, పోయి రా.

నీ నడుముకు ఇకనైనా నొప్పి తెలియకూడదు. నిమ్మళంగా పడుకో.