పెరిగినయని పంచిన పాయసం

మొన్న మనవరాలు పరీక్షలకు పైకి చదువుకుంటుంటే నా చెవిన పడ్డది: ఎముకల మూలుగలో రక్తాన్ని పుట్టించే మూలకణాలు ఉంటాయట, అవి ఎక్కువకాలం నిదురలోనే ఉండాలట, వాటిని ఊరికే లేవనియ్యకుండ, చెడిపోయినదాన్ని పెరగనియ్యకుండ ఆపే కాపలా ప్రొటీను ఒకటి ఉంటుందట. చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నదాన్ని, తీస్తూనే ఉన్న. ఈ పాఠం ఇరవై ఏండ్ల కిందనే ఖమ్మం దవాఖానల, మా ఆయన పక్కన కూసొని విన్న.

మా ఆయన బొగ్గుబాయిల సర్దారు. మన ఈడు బాయి కుటుంబాలకు చెప్పే పని లేదు గానీ, సర్దారంటే అందరికంటే ముందు పోయి, పైకప్పు కొట్టి చూసి, గ్యాసు చూసి, అంతా బాగుంటేనే సుద్దముక్కతో గోడ మీద తన గుర్తు పెట్టేటాయన. ఆ గుర్తు లేనిదే ఎంతటి మొనగాడైనా లోపల అడుగు పెట్టొద్దు. ఇంటికొచ్చి ఎంత రుద్ది కడుక్కున్నా వేళ్లకు ఆ తెలుపు పోయేది కాదు, అన్నంల సుద్ద కలుపుకుంటున్నవని ఎక్కిరించేదాన్ని.

అసొంటి మనిషి మెట్లెక్కలేక ఆగిపోతుంటే చూపించినం, ఒంట్ల రక్తం పడిపోయిందన్నరు. ఇగ చూడు, ఏన్కూరు నుంచి ఆడబిడ్డ నాటుకోళ్లు తెచ్చె, చర్చిల ప్రతి ఆదివారం రక్తం పెరగాలని ప్రార్థనాయె. తరువాతి రక్తపరీక్షల తెల్లకణాలు బాగా పెరిగినయని రాంగనే, పెరిగినయన్న ఒక్క ముక్కే పట్టుకొని, మా అత్త కండ్లనీళ్లు పెట్టుకొని దేవునికి స్తోత్రం చెప్పి, కాలనీ అంతా సేమియా పాయసం పంచింది. ఆయన గూడ రెండోసారి పోయించుకొని తాగిండు.

ఖమ్మంల డాక్టరమ్మ చూసి, ఆ పెరుగుడే రోగమమ్మా, రక్తానికి క్యాన్సరు అన్నది. కాపలా ప్రొటీను చెడిపోయిందని, ఆపే దిక్కులేక ఎదగని పచ్చి కణాలు పుట్టుకొస్తున్నయని ఓపికగ చెప్పింది. ఆయన తన వేళ్ల దిక్కు చూసుకొని, "గుర్తు పడకముందే అందరు లోపలికి పోయిండ్రన్నట్టు" అన్నడు. బస్టాండుల మక్కకంకులు కొనుక్కొని ఇద్దరం తిన్నం. ఆ వానకాలం ఆయన దాటలేదు.

ఆ బాయి ఎప్పుడో మూసేసిండ్రు. గ్యాసు చూసుడు ఇప్పుడు మిషన్ల పనేనట, ఆ రోగానికి గూడ కొత్త మందులు వచ్చినయని మనవరాలు అంటది, మంచిదే. చర్చిల ఎవరింట్ల శుభమైనా పాయసం పోస్తరు, తాగుత. తియ్యగున్నదా అని అడిగితే, అవ్ అంట.