మార్తమ్మ టీచరు చెప్పిన ముప్పై రోజుల మంత్రి

మా పక్కింటివాళ్లు పాత మట్టిమిద్దె పడగొడుతున్నారు. సగం కూల్చిన గోడ రాత్రి వానకు నానిపోయి, పొద్దున వాకిలి తెరవగానే ఆ వాసన ఇంట్లోకి వచ్చింది. మా అన్న మనవరాలు కిటికీలన్నీ బార్లా తీసి, "ఎంత బాగుందో అవ్వా" అంది. తడిమట్టి వాసన చాలామందికి ఇష్టమే. నేను మాత్రం పెరట్లోకి పోయి కూర్చున్నాను. నానిన గోడమట్టిలో కుళ్లిన గడ్డి, పాత సున్నం కలిసిన వాసన ఒకటుంటుంది. అది ముక్కుకు తగిలితే నా గోళ్లలో ఇంకా మట్టి ఉన్నట్టే అనిపిస్తుంది. నాతో పాటు ఆ మట్టి తవ్విన మార్తమ్మ టీచరు చేతులు కళ్లముందుకు వస్తాయి. ఆమెను ఎరిగినవాళ్లు ఇప్పుడు ఎవరూ మిగల్లేదు. అందుకని రాస్తున్నాను.

కర్నూలు రాజధాని అయిన ఏడాది నేను ఆళ్లగడ్డ ఆడపిల్లల బడిలో టీచరుగా చేరాను. అప్పుడు నాకు ఇరవయ్యేళ్లు. పెళ్లయిన ఏడాదికే భర్త పోయాడు. మా నాయన నన్ను ఇంట్లో మూలన కూర్చోబెట్టాలనుకుంటే, ఆయన తమ్ముడు, మా చిన్నాయన, ఎదురుతిరిగి నన్ను టీచరు ట్రైనింగుకు పంపించాడు. ఊళ్లో ఆయన మాటే మాట. బడికి హెడ్మిస్ట్రెస్ మార్తమ్మ గారు. సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ అంచులేని తెల్లచీరలో ఉండేవారు. పుట్టింది యానాంలో. తండ్రి అక్కడ ఫ్రెంచివాళ్ల కచేరీలో గుమాస్తా కావడంతో ఆమెకు ఫ్రెంచి బాగా వచ్చు. నంద్యాల క్రైస్తవ కుటుంబంలోకి కోడలిగా వచ్చి, భర్త పోయాక ఉద్యోగం కోసం ఆళ్లగడ్డ చేరారు. పిల్లల్లేరు. ఉన్నది ఒక్క తమ్ముడు, పౌలు. అతను ఫ్రెంచి పౌరుడిగా వాళ్ల సైన్యంలో చేరి ఇండోచైనా యుద్ధానికి పోయాడు.

ఆళ్లగడ్డ బడిలో ఫ్రాన్సు ప్రధానమంత్రి సంగతి మాకెందుకు తెలిసిందంటే, ఆ తమ్ముడి వల్లే. యాభైనాలుగు జూన్‌లో కొత్త ప్రధాని వచ్చాడు. ముప్పై రోజుల్లో యుద్ధం ఆపుతాను, ఆపలేకపోతే దిగిపోతాను అని చట్టసభలో మాటిచ్చాడు. ఆయన పేరు మాలో ఎవరికీ నోరు తిరగలేదు. పిల్లలు ఆయనకు ముప్పై రోజుల మంత్రి అని పేరు పెట్టారు. నంద్యాల బస్సులో మధ్యాహ్నానికి పేపరు వచ్చేది. దాన్ని చదివాక మార్తమ్మ గారు నల్లబల్ల మూలన సుద్దముక్కతో రోజుకొక గీత గీసేవారు. యానాంలోని బంధువులు పంపే ఫ్రెంచి పేపర్లలో దొరికిందంతా కూడబెట్టి, శనివారాలు పిల్లలకు ఆయన కథ చెప్పేవారు. మీసాలు సరిగా రాకముందే ప్లీడరయ్యాడట. పాతికేళ్లకే జనం ఎన్నుకున్నారట. జర్మనీకి లొంగిన ప్రభుత్వం ఆయన్ను జైల్లో పెడితే, కిటికీ కమ్మీ కోసి గోడెక్కాడట. దూకబోయేసరికి కింద చెట్టునీడలో ఒక జంట కబుర్లాడుకుంటూ కనిపించిందట. వాళ్లు కదిలేదాకా గోడమీదే పడుకున్నాడట.

"వాళ్లు బిరీన పోల్యా టీచరమ్మా?" అని అడిగింది మొదటి వరసలోని హుసేన్‌బీ. దూదేకుల మాబమ్మ పెద్దకూతురు. అప్పటికి ఆరేళ్లుంటాయేమో.

"ఎంతకీ కదల్లేదమ్మా. ఆ అమ్మాయి ఒక పట్టాన ఒప్పుకోలేదంట."

పిల్లలంతా నవ్వారు. మార్తమ్మ గారు అంతగా నవ్వడం నేను చూసింది ఆ ఒక్కరోజే.

ముప్పయ్యో రోజుకు సంధి కుదిరింది. పేపరు పట్టుకుని ఆమె వరండాలో నిలబడి కళ్లు తుడుచుకున్నారు. తమ్ముడు తిరిగొస్తాడని నంద్యాలలో అతనికి గది కూడా చూసి పెట్టారు. ఆగస్టులో పుదుచ్చేరి నుంచి ఫ్రెంచిలో టైపు కొట్టిన కాగితం వచ్చింది. బడి మధ్యలో విప్పి చదివారు.

"ఏం రాసినారు టీచర్?" అన్నాను.

"పౌలు చనిపోయాడట. మే నెలలోనేనట." కాగితం మడిచి రవికలో పెట్టుకుని, గంట కొట్టి, మూడో తరగతికి భాగహారం చెప్పడానికి వెళ్లిపోయారు.

సాయంత్రం పిల్లలు పోయాక, ఆ మంత్రి మీద కోపం రాలేదా అని అడిగాను.  "ఆయన మీద ఎందుకమ్మా? ఏడేళ్లుగా వచ్చినవాడల్లా గెలుస్తున్నాం, గెలుస్తున్నాం అనే చెప్పాడు. ఓడిపోతున్నామని చెప్పింది ఈయనొక్కడు. ఆ మాట చెప్పేవాడు ఒక్క ఏడాది ముందు దొరికి ఉంటే మావాడు బతికేవాడు" అన్నారు. మరుసటి ఫిబ్రవరిలో ఆయన్ను పదవిలోంచి దించేశారు. ఉన్నది ఎనిమిది నెలలు కూడా కాదు. ఓటింగులో ఓడిపోయాక మాట్లాడబోతే సభలో కేకలు వేసి మాట్లాడనివ్వలేదట. ఆ వార్త చదివిన రోజు ఆమె పిల్లలకు కథ చెప్పలేదు.

ఆ ఏడాదే మా బడికి మట్టిగోడలతో కొత్త గది కట్టారు. కాంట్రాక్టు మా చిన్నాయనది. మొదటి వానలకే పడమటి గోడ నెర్రెలిచ్చింది. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మార్తమ్మ గారు చెప్తుంటే నంద్యాలలోని బడుల ఆఫీసుకు నేనే రెండు జాబులు రాశాను. గోడ ప్రమాదంగా ఉంది, వచ్చి చూడండి అని. కింద సంతకం ఆమెది, అక్షరాలు నావి. జవాబు రాలేదు.

యాభైఆరు అక్టోబరులో ముసురు పట్టింది. రెండోరోజుకు వరండా అంతా కారుతోంది. మూడో తరగతి పిల్లలు పుస్తకాలు తడుస్తున్నాయని నిలబడి ఉంటే, మార్తమ్మ గారు వాళ్లను కొత్తగదిలో, నెర్రెలు లేని వైపు కూర్చోబెట్టారు. నేను పక్కగదిలో ఉన్నాను. వాళ్లు పదమూడో ఎక్కం చెప్తున్నారు. పిల్లల గొంతులు ఒక్కసారిగా ఆగాయి. తరువాత ఒక బరువైన చప్పుడు. పరుగెత్తేసరికి పడమటి గోడ మిద్దె పైకప్పుతో సహా లోపలికి కూలి ఉంది. పదకొండుమంది దెబ్బలతో బయటపడ్డారు. హుసేన్‌బీ లేదు. పారలు వచ్చేలోగా మేమిద్దరం చేతులతోనే తవ్వాం. ఆమె గోళ్లు ఊడి నెత్తురు కారుతోంది. పాప దొరికేసరికి చేతిలో పలక అలాగే ఉంది.

మర్నాడు పొద్దున చిన్నాయన ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. గోడ బాగుండేదని, ఎవరూ ఎప్పుడూ ఫిర్యాదు చెయ్యలేదని, బడి వదిలాక వద్దంటే వినకుండా ఆ పిల్ల లోపలికిపోయి ఆడుకుందని, హెడ్మిస్ట్రెస్ పట్టించుకోలేదని అందులో ఉంది.

"ఈడ సంతకం పెట్టు."

"ఆ జాబులు రాసిండేది నేనే కదా చిన్నాయనా."

"అందుకే నీతో పెట్టిస్తాండా. ఆఫీసులో జాబులు లేవు. ఆ సంగతి నేను చూసుకున్యా. దెబ్బలు తగిలిన పిల్లోళ్ల ఇండ్లకు రాత్రే పోయి మాట్లాడినా, ఎవురూ నోరు తెరవరు. ఇంక తెలిసిండేది మీ ఇద్దరికే."

 ఆయన గొంతు తగ్గించాడు. "నీ మొగుడు పోయినప్పుడు నీ తరపున మాట్లాడిండేది ఎవురు? మీ నాయనతో కొట్లాడి చదివిచ్చిండేది ఎవురు? ఇప్పుడు నన్ను జైలుకు పంపిస్తావా, ఓబులమ్మా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు. నేను సంతకం పెట్టాను.

విచారణ నంద్యాలలో జరిగింది. చేతివేళ్లకు కట్లతో మార్తమ్మ గారు ఆఫీసరు ముందు నిలబడ్డారు. "రెండుసార్లు రాశాను. జవాబు లేదు. అయినా పిల్లల్ని ఆ గదిలో కూర్చోబెట్టింది నేనే. పాఠం జరుగుతుండగానే గోడ పడింది. కూర్చోబెట్టడం నా తప్పు. మిగతాది కట్టినవాళ్ల తప్పు" అన్నారు. ఆమె తన తప్పు చెప్పకపోతే కొంతైనా బయటపడేవారేమో. ఆ జాబులు ఎవరు రాశారని ఆఫీసరు అడిగాడు. ఆమె నావైపు చూడకుండానే నా పేరు చెప్పారు. ఆఫీసరు నన్ను అడిగాడు.

"నాకు తెలీదు సార్" అన్నాను.

మెట్లు దిగి రోడ్డుమీదికి వచ్చాక నేను ఆగిపోయాను. ఆళ్లగడ్డకు ఉన్నది ఒకటే బస్సు. ఆమె నాలుగడుగులు పోయి వెనక్కి తిరిగి, "బస్సుకు టైమైంది, రామ్మా" అన్నారు. ఇద్దరం ఒకే సీటులో కూర్చున్నాం. దారిలో ఆమె తిట్టి ఉంటే దాన్ని పట్టుకుని ఏదో ఒక సాకు చెప్పుకునేదాన్ని.

ఆమెను ఉద్యోగంలోంచి తీసేశారు. నంద్యాలలో ఒక గది తీసుకుని పిల్లలకు ప్రైవేట్లు చెప్పుకుంటూ బతికారు. ఆమె కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. కూలిన గది మళ్లీ కట్టే పని కూడా మా చిన్నాయనకే వచ్చింది. ఈసారి గట్టిగానే కట్టాడు.

దాదాపు రెండేళ్లు అలాగే గడిచాయి. యాభైఎనిమిది జూన్‌లో మాబమ్మ తన చిన్నకూతురిని బడిలో చేర్చడానికి వచ్చింది. పత్తి ఏరి ఏరి పగిలిన చేతులతో పిల్లను నా ముందుకు తోసి, "ఇది మాట వింటాది టీచరమ్మా. పెద్దదాని మాదిరి మొండిది కాదు. అది చెప్పినమాట వినింటే ఇయ్యాల బతికుండేది" అంది.

ఆ ఆదివారమే నంద్యాల బస్సెక్కాను. మార్తమ్మ గారు బాగా చిక్కిపోయారు. రెండు మెట్లెక్కినా ఆయాసం. బల్లమీద ఫ్రెంచి పేపరుంది. ఏం మాట్లాడాలో తెలియక ముప్పై రోజుల మంత్రి సంగతి అడిగాను. "ఫ్రాన్సు దేశమంతా ఒక సేనాధిపతి వెనక పోతోందమ్మా. ఈయన లేచి కాదన్నాడు. ఈసారి ఎన్నికల్లో సొంత ఊరివాళ్లే ఓడిస్తారు" అన్నారు. అప్పుడు ఆమె కాళ్లదగ్గర కూర్చుని అంతా చెప్పాను. చిన్నాయన తెచ్చిన కాగితం గురించి, సంతకం గురించి, మాబమ్మ అన్న మాట గురించి చెప్పాను. క్షమించమని అడిగాను.

ఆమె నా చెయ్యి పట్టుకోలేదు. "ఇదంతా నాకు తెలిసిందే కదా. నాకెందుకు చెప్తున్నావు? తెలియనిది మాబమ్మకి. చచ్చిపోయిన బిడ్డను ఆ తల్లి రెండేళ్లుగా తిట్టుకుంటోంది. ముందు అక్కడికి పో" అన్నారు.

మర్నాడు మాబమ్మ జొన్నచేలో కలుపు తీస్తుంటే వెళ్లాను. గట్టుమీద నిలబడే చెప్పాను. బడి వదల్లేదని, పాఠం జరుగుతోందని, మేం కూర్చోబెట్టిన చోటే పాప కూర్చుందని, గోడ సంగతి మాకు ముందే తెలుసని, నేను అబద్ధం రాసి ఇచ్చానని. ఆమె కొడవలి కింద పెట్టి, తలెత్తకుండా విన్నది.

"అయితే నా బిడ్డ మాట వినిందన్నమాట."

"వినింది మాబమ్మా."

ఆమె కొడవలి మళ్లీ చేతికి తీసుకుంది. తరువాత, "నువ్వు పో" అంది. జన్మలో మళ్లీ నాతో మాట్లాడలేదు. చిన్నపిల్లను మాత్రం బడి మాన్పించలేదు.

ఆఫీసుకు ఉన్నదంతా రాసి పంపాను. దానికీ జవాబు రాలేదు. చిన్నాయన గుమ్మంలో నుంచే నన్ను వెనక్కి పంపాడు. నెల తిరక్కుండా నన్ను సంజామల బడికి బదిలీ చేశారు. ఎవరికీ శిక్ష పడలేదు, మార్తమ్మ గారి ఉద్యోగం తిరిగి రాలేదు. ఆ చలికాలంలో ఆమె నుంచి ఒక కార్డు వచ్చింది. "ఆయన ఓడిపోయాడు. నేను బాగానే ఉన్నాను. మాబమ్మ చిన్నపిల్లకు ఎక్కాలు వచ్చాయా?" అని అంతే రాశారు. యాభైతొమ్మిది అంతా ఆదివారాలు ఆమె దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. క్షమించానని ఆమె ఎప్పుడూ అనలేదు, నేనూ మళ్లీ అడగలేదు. అరవైలో, ఎండలు ముదిరిన రోజుల్లో, ఆమె గుండె ఆగిపోయింది. నంద్యాల సమాధుల తోటకు పది పన్నెండుమందిమి వెళ్లాం.

ఆ తరువాత ముప్పయ్యేళ్లకు పైగా బడుల్లో పనిచేశాను. ఆటలో చెయ్యి విరిగినా, ఎండకు పడిపోయినా, ఏ పిల్లకు ఏం జరిగినా ఆ తల్లి ఇంటికి ముందు నేనే నడిచి వెళ్లేదాన్ని. ఒకరిద్దరు నన్ను తిట్టారు. ఒకామె మొహాన చీపురు విసిరింది.  కూర్చోమని వాళ్లు అనకముందే, అందులో నా తప్పు ఎంతుందో అది మొదట చెప్పేదాన్ని.