బాగున్న కాలు

వెస్ట్ వర్జీనియా కొండల్లోని మా ఊళ్ళో వెర్లీన్ టాకెట్‌ను అందరూ సార్జంట్ అనే పిలుస్తారు. ఇరాక్ యుద్ధంలో ఆమె కుడికాలు మోకాలి కిందినుంచి తెగిపోయింది. మిగిలిన ఎడమకాలిని "బాగున్న కాలు" అనేది. ఏళ్ళ తరబడి ఒంటి బరువంతా మోసి దాని మోకాలు అరిగిపోయింది. బడి వంటశాలలో నిలబడలేక ఉద్యోగం మానేసినా, కారణం మాత్రం ఎవరికీ చెప్పలేదు.

మా న్యాయసహాయ కేంద్రానికి వచ్చినప్పుడు లెక్క వివరించాను. ఆమె కుడికాలికి నలభై, వెన్నుకు ఇరవై శాతం వైకల్యం ఉన్నట్టు మాజీ సైనికుల శాఖ ఇదివరకే గుర్తించింది. ఈ శాతాలను నేరుగా కూడరు. రెండోదాన్ని మిగిలిన అరవైలో ఇరవై శాతంగా, అంటే పన్నెండుగా లెక్కిస్తారు. అందువల్ల మొత్తం యాభై రెండు, దగ్గరి పదికి సరిచేస్తే యాభై. ఎడమ మోకాలికీ ఇరవై ఇస్తే రెండు కాళ్ళూ ఒక జత అవుతాయి. ఆ జతకు యాభై రెండు, దానిపై పదోవంతు అదనం, వెరసి యాభై ఏడు. రెండు కాళ్ళూ చెడినవారికి ఆనుకోవడానికి ఏదీ మిగలదని చట్టం ఇక్కడ ఒప్పుకుంది. వెన్ను చేరిస్తే అరవై ఆరు, అంటే డెబ్బై. ఆ అదనం లేకుంటే అరవై దగ్గరే ఆగిపోతుంది. పని చేయలేని మనిషిగా పూర్తి భృతి అడగాలంటే ఆమెకు డెబ్బై కావాలి.

అంతా ఆ శాఖ డాక్టర్ చేసే ఎడమ మోకాలి పరీక్షపైనే, దాన్ని నొప్పి లేకుండా ఎంతవరకు మడవగలరన్నదానిపైనే ఆధారపడింది. ఇంట్లో ఎలా నడుస్తారో అలాగే నడవండని పదేపదే చెప్పాను. పరీక్ష రోజు ఆమె ఇస్త్రీ మడతల బట్టలతో, మెరిసే బూట్లతో వచ్చింది. నొప్పిని దాచడానికే వచ్చిందనిపించింది. కాసేపటికి పరీక్ష గదిలోంచి నిటారుగా బయటికొచ్చింది.

"మడవమన్నాడు. మడిచాను, లాయరమ్మా."

"ఎంతవరకు?"

"పూర్తిగా. ప్రాణం పోయిందనుకో. నొప్పుందా అనడిగితే లేదన్నాను."

"ఎందుకలా చెప్పారు?"

"సైన్యంలో నొప్పంటే దళంలోంచి తీసేస్తారు. నోటికి అదే అలవాటైంది."

నివేదిక ఈరోజే రాసేస్తారు. నాలుక చివరిదాకా వచ్చిన కోపాన్ని మింగాను.

"సార్జంట్ గారూ, ఇన్నేళ్ళు మిమ్మల్ని మోసిన కాలది. దాని తరఫున సాక్ష్యం చెప్పగలిగింది మీరొక్కరే."

"ఇందాకే అబద్ధమాడిన సాక్షిని నమ్ముతాడా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు.

ఆమె గోడ పట్టుకుని, కుంటడాన్ని దాచకుండా వెనక్కి నడిచి తలుపు తట్టి తెరిచింది.

"డాక్టర్ గారూ, ఇందాక లేదన్నాను, ఉంది. మళ్ళీ మడుస్తాను. ఈసారి నొప్పి పుట్టినచోటే ఆపుతాను."

లోపల కుర్చీ జరిగిన చప్పుడైంది. కోణం కొలిచే పరికరం ఆయన మళ్ళీ చేతిలోకి తీసుకున్నాడు.