బంతి నాటని మా అత్తమ్మ

మొన్న మా సొసైటీ వాళ్లు కాంపౌండు గోడ వెంబడి నాలుగు పూలమడులు కట్టించి, ఏ మొక్కలు వేస్తే బాగుంటుందో పెద్దవారు మీరే చెప్పాలంటూ నన్ను నర్సరీకి తీసుకుపోయారు. అక్కడి మాలీ బంతినారూ, నాకు పేరు తెలియని రంగురంగుల పూలనారూ చూపించి, ఇవి మూడు నెలలు విరగబూస్తాయి, ఆ తర్వాత పీకేసి కొత్తవి వేసుకోవచ్చు అన్నాడు. అందులో తప్పేమీ లేదు. అయినా ఆ ‘పీకేసి’ అన్న మాట చెవిన పడగానే చూస్తున్న నారును కింద పెట్టేశాను. నా వెనక ఎవరో గొంతుక్కూర్చుని మట్టి గుల్ల చేస్తున్నట్టు అనిపించి తిరిగి చూశాను కూడా. ఎవరూ లేరు.

నా వయసు వాళ్లకు, అప్పట్లో మేమున్న బొంబాయి కామాటిపుర చాళ్లు ఎలా ఉండేవో చెప్పనక్కరలేదు. కుటుంబానికొక గది, గదుల ముందు పొడుగాటి వరండా, కింద అందరికీ కలిపి ఒక నల్లా, ఆ నల్లా పక్కన గోడకూ మోరీకీ నడుమ నాలుగు మూరల వెడల్పున ఎందుకూ పనికిరాని నేల. ఆ నేల మా మేనత్తది. ఆమె కొన్నదీ కాదు, ఎవరూ ఇచ్చిందీ కాదు, ఎవరికీ అక్కరలేదు కాబట్టి ఆమెదైంది. నన్ను కని మా అమ్మ పోతే, పాలమూరు దిక్కు నుంచి మొగుడితో పాటు బొంబాయికి కూలికి వచ్చి మా పక్క గదిలోనే ఉన్న ఈ అత్త నన్ను ఒళ్లోకి తీసుకుంది. ఆమెకు పిల్లలు లేరు. నాకు ఊహ తెలిసేనాటికి మొగుడూ లేడు. చనిపోయాడని కాదు. ఎక్కడో వంతెన పని ఉంది, మూడు నెలల్లో వస్తానని చెప్పి గ్రాంట్ రోడ్‌లో రైలెక్కిన మా మామ, మంచి మేస్త్రీ అని పేరున్న మనిషి, మళ్లీ రాలేదు. ఒక కబురు కూడా రాలేదు.

ఆయన వెళ్లిన తర్వాతనే అత్త ఆ మడులు కట్టిందట. పని చేసే చోట పునాదులు తవ్వినప్పుడు బయటపడిన ఎర్రమట్టిని రోజుకింత కొంగున కట్టుకుని తెచ్చేది. వానాకాలం గల్లీ నిండితే దుంపలు కుళ్లిపోతాయని విరిగిన ఇటుకలతో రెండు వరసల ఎత్తు లేపింది. చాయ్ దుకాణం వాళ్లు పారబోసే ఆకుపిప్పి, బియ్యం కడిగిన నీళ్లు, అవే ఎరువులు. ఎండ మా గల్లీలోకి పదకొండింటికి దిగి రెండింటికల్లా వెళ్లిపోయేది కాబట్టి, అది ఎక్కువసేపు నిలిచే మూలన మల్లెనూ, చేమంతులనూ పెట్టి, నీడలోనైనా పూసే కనకాంబరాలను గోడవారగా నాటింది. వెనక ఎత్తుగా మెట్టతామరలు, నడుమ నందివర్ధనం, నేలసంపెంగలు, అంచున ఎప్పుడూ పూసే బిళ్లగన్నేర్లు. అన్నీ ఏళ్ల తరబడి బతికేవే, పైన ఎండినా కింద దుంపలో, పిలకలో ప్రాణం దాచుకుని మళ్లీ లేచేవే. ఒక్క కారు పూసి పోయే మొక్కను ఆమె దగ్గరికి రానిచ్చేది కాదు.

దసరాకు ఫాక్‌లాండ్ రోడ్ దుకాణాల నిండా బంతిదండలు వేలాడుతుంటే, మనమూ బంతి వేసుకుందామని నేను ఒక ఏడు గారాలు పోయాను. అత్త చేతిలోని మట్టి దులుపుకుని, నాకు తల దువ్వుతూ చెప్పింది.

“బంతి ఒక్క కారే బిడ్డా. మీ మామ ఏ నెలల వస్తడో ఎవలకెరుక? వచ్చిననాడు వాకిలి బోసిగ ఉండొద్దు.”

అప్పుడు నాకు అర్థమైంది, ఎండల్లో మల్లె, వానల్లో నేలసంపెంగ, చలికి చేమంతి అని ఆమె ఎందుకు అంత లెక్కగా ఎంచిందో. అర్థమై సంతోషించాలి కదా, నాకు భయం పట్టుకుంది. ఎందుకంటే ఆయన వస్తే అత్తను ఊరికి తీసుకుపోతాడని, ఈ పిల్లను ఎవరు సాకుతారని మా నాయిన పక్కింటి వాళ్లతో అనడం నేను రెండు మూడుసార్లు విన్నాను. అప్పటి నుంచి ఆ మడుల్లో ఏ కొత్త మొగ్గ కనబడినా అది నా మీద పగబట్టి పూస్తున్నట్టు ఉండేది.

నాకు పదేళ్లప్పుడు, చలికాలం, ఒక మధ్యాహ్నం ఆయన వచ్చాడు. ఆయనే అని నేను ఈనాటికీ ఒట్టు పెట్టి చెప్పలేను. అత్త పనికి పోయింది, నాయిన పనికి పోయాడు, చాల్‌లో ఆడవాళ్లు కునుకు తీస్తున్నారు. తలకు తువాలు చుట్టుకుని, చేతిలో రేకుపెట్టెతో ఒక బక్కపలచని మనిషి గల్లీలోకి వచ్చి, నల్లా దగ్గర ఆడుకుంటున్న నన్ను అత్త పేరు పెట్టి అడిగాడు, ఇక్కడే ఉంటుందా అని. ఆ మాటలో మా ఇంటి యాస ఉంది. నా నోరు నన్ను అడగకుండానే జవాబు చెప్పింది.

“ఆమె ఊరికి పోయింది. ఇగ రాదు.”

ఆయన రేకుపెట్టె కింద పెట్టాడు. ఇటుకల అంచు మీద కూర్చుని నీళ్లు అడిగితే చెంబుతో తెచ్చి ఇచ్చాను. సగం తాగాడు. పసుపు చేమంతులు మడి నిండా పూసి ఉన్నాయి, వాటినే చాలాసేపు చూశాడు. ఒక్క పువ్వు కూడా కోయలేదు. మిగిలిన నీళ్లు వాటి మొదట్లో పోసి, చెంబు ఇటుక మీద పెట్టి, వచ్చిన దారినే వెళ్లిపోయాడు. నేను వెనకాల పరుగెత్తాలని రెండడుగులు వేశాను, అంతే, కాళ్లు ఆగిపోయాయి.

సాయంత్రం అత్త వచ్చి ఆ తడి చూసింది. మిట్టమధ్యాహ్నం నీళ్లు పోయొద్దని చెప్పాను కదా అని మందలించింది. నేనే పోశానని రెండో అబద్ధం ఆడాను. ఆ తర్వాత ఏళ్ల తరబడి, నడిమధ్యాహ్నం ఎక్కడ చెంబు చప్పుడైనా తిరిగి చూసేదాన్ని. క్లాసులో పాఠం చెబుతూ కూడా ఆగిపోయిన రోజులున్నాయి. అప్పటికి నాకు మునిసిపాలిటీ తెలుగు బడిలో టీచరు ఉద్యోగం వచ్చింది. నాయిన పోయాడు. అత్త తట్ట మోయడం మానేసింది గానీ మడులు మానలేదు. గల్లీ మొగదల వైపు మొహం పెట్టుకుని కూర్చునే కలుపు తీసేది, అడుగుల చప్పుడైతే తలెత్తేది. తలెత్తిన ప్రతిసారీ నేను లోపలికి వెళ్లిపోయేదాన్ని.

ఒక ఆదివారం పొద్దున ఇద్దరం నేలసంపెంగ దుంపలు విడదీస్తుండగా ఇక నా వల్ల కాలేదు. అంతా చెప్పాను, తువాలు, రేకుపెట్టె, నేను అన్న మాట, ఆ నీళ్లు. ఆమె చేయి ఆగింది. ఎలా ఉన్నాడని అడగలేదు, ఎందుకట్లా అన్నావని అడగలేదు. ఒక్కటే అడిగింది.

“పూలు చూసిండా?”

చూశాడని చెప్పాను. చేమంతులని చెప్పాను.

“మంచిగనే పూసినయి ఆ యేడు,” అని, దుంపకు అంటిన మట్టి విదిలించి మళ్లీ పనిలో పడింది.

నన్ను కొట్టి ఉంటే బాగుండేది. ఆ పూట నాకు ఎప్పటిలాగే అన్నం పెట్టింది, ఎప్పటిలాగే బిడ్డా అని పిలిచింది. మర్నాటి నుంచి మాత్రం మడి దగ్గర గోడ వైపు తిరిగి కూర్చునేది. గల్లీలోకి ఎవరొచ్చినా తల ఎత్తలేదు. ఇంకో ఐదేళ్లు బతికింది. చివరి రోజుల్లో నేను నీళ్లు పోస్తుంటే వరండాలోంచి చూసేది గానీ, ఏవి పూశాయని అడిగేది కాదు.

ఆమె పోయాక నేను పెళ్లి చేసుకుని శివారుకు వచ్చేశాను. మడులున్న చోట స్కూటర్లు పెడుతున్నారని ఎవరో చెప్పారు. ఆ చాళ్లు కూడా ఇంకెన్నాళ్లో నిలవవంటున్నారు. అక్కడి పిల్లలు మరాఠీలో మాట్లాడుకుంటారు, పాలమూరు యాసలో ఎవరైనా వచ్చి ఒక పేరు అడిగితే వాళ్లకు అర్థమవుతుందో లేదో. ఇప్పుడు మేముండే చోట ఆ చిక్కే లేదు. గేటు దగ్గర కాపలావాడు పేరు, ఫోను నంబరు రాయించుకుని, పైకి అడిగి, వాళ్లు వద్దంటే అక్కడి నుంచే పంపేస్తాడు. ఎవరు వచ్చి వెళ్లారో ఇంట్లో పిల్లలకు తెలియను కూడా తెలియదు. నేను మాత్రం ఏ పెద్దాయనైనా చిరునామా అడుగుతూ ఆ గేటు ముందు నిలబడితే, మోకాళ్లు నొప్పెడుతున్నా మెట్లు దిగి వెళ్లి, ఎవరు కావాలయ్యా అని తెలుగులోనే అడుగుతాను. చాలామందికి తెలుగు రాదు.